ఎన్నడూ తినని రుచి

మా మేడమ్ పోయారని మొన్న పొద్దున ఆమె భర్త ఫోన్ చేసి చెప్పారు. ఆయన్ని మేమంతా అంకుల్ అనే పిలిచేవాళ్లం. "నిద్దట్లోనే పోయిందమ్మా. ముఖం చూస్తే ఏదో తింటాండేటట్లే ఉండాది," అన్నారు.

యూనివర్సిటీలో మేడమ్ మాకు మెదడు గురించి పాఠాలు చెప్పేవారు. కర్నూలు వైపు మనిషి, తార్నాకలో స్థిరపడి చాలాకాలమైంది. రుచి పాఠం రోజు క్లాసుకు జీలకర్ర తెచ్చి, ముక్కు మూసుకుని నమలమన్నారు. పొట్టు నమిలినట్టుంది. ముక్కు వదలగానే నోరంతా జీలకర్ర ఘుమఘుమ.

"చూసినారా? తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇట్లాంటివి నాలుక చెప్తాది. మిగతాదంతా వాసన. రెండూ కలిపి వంట చేసేది మాత్రం మెదడే," అన్నారు.

అప్పటికి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముమ్మరంగా ఉంది. మేడమ్‌ను వెనకాల 'ఆంధ్రా మేడమ్' అనేవాళ్లు. మా క్లాసులో ఒకతను మొహం మీదే అన్నాడు: "మా బాధ మీకేం తెలుస్తది మేడమ్?" ఆమె కోప్పడలేదు. "తెలీదు నాయనా. చెప్పు, వింటా," అన్నారు. అతను క్లాసయ్యాక చాలాసేపు చెప్పాడు. ఆమె విన్నారు.

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. పరుగెత్తుకొస్తున్న పిల్లల్ని డిపార్ట్‌మెంట్ లోపలికి పిలుస్తూ, మేడమ్ మెట్ల మీద వెల్లకిలా పడ్డారు. తల వెనక దెబ్బ తగిలింది. నేనూ, క్లాసులో అలా అడిగిన అబ్బాయీ ఆమెను ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. "కండ్లు మూయకుండ్రి మేడమ్, మాట్లాడుండ్రి," అని దారంతా ఏడుస్తూనే ఉన్నాడు.

గాయం మానింది కానీ వాసన తిరిగి రాలేదు. ముక్కు నుంచి మెదడుకు పోయే సన్నటి నరాలు తెగాయన్నారు డాక్టర్లు. తార్నాక ఫ్లాట్‌కు మేం చూడబోతే, "పులుసు తింటే పులుపుంటాది, పులుసు ఉండదు," అన్నారు నవ్వుతూ. అంకుల్ వంటింట్లోకి వెళ్లిపోయారు.

వారాసిగూడలోని మా ఇంటి నుంచి అమ్మ బియ్యప్పిండితో చేసిన సర్వపిండి పట్టుకుపోయేదాన్ని. "నువ్వు తిని చెప్పమ్మా," అనేవారు. నువ్వులు, కరివేపాకు, అడుగున కాస్త మాడిన అంచు. నేను చెబుతుంటే ఆమె కళ్లు మూసుకుని నమిలేవారు. అంతకుముందు నేనెప్పుడూ అంత శ్రద్ధగా తినలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం, మేడమ్ మాట మధ్యలో ఆగిపోయారు. దవడలు కదులుతున్నాయి. చేతిలో ఏమీ లేదు.

"ఊరుబిండి," అన్నారు. "మా అమ్మ చేసిన చెనిక్కాయల ఊరుబిండి."

ఆ వేరుశనగ పచ్చడి చేసిన తల్లి పోయి చాలా ఏళ్లు. అంకుల్ నీళ్ల గ్లాసు అందించారు. మేడమ్ తాగలేదు. రుచి పోతుందని భయం.

"దారి తెగినా మెదడు ఊరుకోదమ్మా. వచ్చే కబురు లేకుంటే తనే అల్లుకుంటాది," అని మేడమే నాకు సర్దిచెప్పారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అలాంటి రుచులు తరచుగా వచ్చాయి. చిన్నప్పటి జొన్నరొట్టె, పెళ్లినాటి బొబ్బట్టు. అన్నీ ఆమె తిన్నవే, గుర్తున్నవే. ఒక్కోసారి ఏదో మాడుతోందనేవారు. అంకుల్‌కు సంగతి తెలిసినా లేచి పొయ్యి చూసి వచ్చేవారు.

ఈ ఏడు మాత్రం కొత్తదొకటి మొదలైంది.

"ఇది నేనెన్నడూ తినలేదు," అన్నారు నెమ్మదిగా. "తీపి కాదు, పులుపు కాదు. దేని మాదిరీ లేదు. నాలో లేంది ఎక్కడి నుంచి వస్తాండాది?"

జీవితమంతా రుచి గురించి పాఠం చెప్పిన మనిషి మాటల కోసం తడుముకోవడం అప్పుడే చూశాను.

పోయినవారం ఆఖరుసారి కలిశాను. బాల్కనీలో కూర్చున్నారు. కింద బస్సుల రొద. నేను ఏదో అడగబోతే, ఆగమన్నట్టు వేలెత్తారు. ఖాళీ నోటితో మెల్లగా నములుతున్నారు. ముఖంలో భయం లేదు. మొదటిసారి ముద్ద పెట్టినప్పుడు పసిబిడ్డ ముఖంలో కనపడే ఆశ్చర్యం ఉంది. చివరికి గుటకవేశారు.

నా నోట్లో నీళ్లూరాయి.