ఎన్ని మోగాయో చెప్పు

నా చిన్నప్పుడు నాచారంలో మా పక్కింటి అక్క దగ్గర ఒక ఎలక్ట్రిక్ గిటార్ ఉండేది. వాళ్ల నాన్న రైల్వేలో పనిచేసేవారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబం. గిటార్ వాళ్ల మేనమామ సొంతంగా చేసి ఇచ్చాడు. చూడటానికి ముచ్చటగా ఉండేది కానీ, స్పీకర్‌కు తగిలించి వాయిస్తే స్వరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఎవరో దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు వినిపించేది.

ఆ ఏడాది ఉప్పల్‌లో వినాయక మండపం ఆర్కెస్ట్రాలో అక్కకు చోటు దొరికింది. మొదటి రిహార్సల్‌కు నన్నూ తీసుకెళ్లింది. ఆర్కెస్ట్రా నడిపే అన్న కాసేపు విని చెయ్యెత్తి ఆపాడు. "నీ చెయ్యి మంచిగనే నడుస్తుంది గని చెల్లె, గిటార్ల గుయ్యిమనుడు తప్ప ఏం ఇనొస్తలేదు. ఆదివారం దాకా సూస్త. గాకుంటే కోరస్‌ల నిలబడు" అన్నాడు.

ఇంటికి రాగానే అక్క గిటార్‌ను మంచం మీద పడుకోబెట్టి మరలు విప్పింది. తీగల కింద అయస్కాంతాలూ రాగి తీగ చుట్టలూ ఉన్న చిన్న పెట్టె కనిపించింది. తీగల కదలికను పట్టి స్పీకర్‌కు పంపేది అదే, పికప్ అంటారు. మేనమామ దాన్ని గిటార్ మెడ పక్కనే బిగించాడు. తీగలు ముగిసే బ్రిడ్జి వైపు జరిపితే ధ్వని తేటపడుతుందని అక్క అనుకుంది. జరపాలంటే చెక్క తొలవాలి. "ఉన్నది కూడా పోతుందేమోనమ్మా" అన్నారు వాళ్ల నాన్న. "ఇలా ఉంటే ఉన్నట్టేనా నాన్నా?" అని అక్క ఉలి అందుకుంది.

పికప్ అటూ ఇటూ జరిగేలా బ్రిడ్జి దాకా గాడి తొలిచింది. జరిపినప్పుడల్లా వాయించి, ఎలా ఉందని నన్ను అడిగేది. నేను ప్రతిసారీ "మంచిగుంది అక్కా" అనేదాన్ని. నాకు అక్కంటే అంత ఇష్టం. కాసేపటికి తను వాయించడం ఆపి నవ్వింది.

"నేను ఏం వాయించినా నీకు బాగానే ఉంటుందే. వరండాలోకి వెళ్లి అటు తిరిగి కూర్చో. బాగుందా అని ఇంక అడగను. గబగబా కొన్ని స్వరాలు వాయిస్తాను, ఎన్ని మోగాయో చెప్పు."

ఇక మెచ్చుకోవడానికి వీల్లేకపోయింది. పికప్ మెడ దగ్గరున్నప్పుడు నాకు లెక్క అందేదే కాదు. మధ్యకు జరిపితే సన్న తీగలవి అందేవి, లావు తీగలవి ముద్దయ్యేవి. పూర్తిగా బ్రిడ్జి పక్కన పెడితే లావు తీగలు విడివిడిగా వినిపించాయి కానీ, సన్నవి రేకు మీద గీసినట్టు చెవిలో గుచ్చుకున్నాయి. రోజూ బడి నుంచి రాగానే నాకదే పని. వేళ్లకు బొబ్బలు లేచినా అక్క వదల్లేదు. శనివారం సాయంత్రం పికప్‌ను ఏటవాలుగా తిప్పింది. లావు తీగల వైపు కొస బ్రిడ్జికి దగ్గరగా, సన్న తీగల వైపు కొస కాస్త దూరంగా. ఈసారి నేను చెప్పిన ప్రతి లెక్కా సరిపోయింది. అక్క మరలు బిగించేసింది.

మర్నాడు ఉప్పల్‌లో ఆర్కెస్ట్రా అన్న "ఏం జేసినవ్?" అని అడిగితే అక్క వివరించలేదు. "అటు తిరిగి, ఎన్ని స్వరాలో చెప్పన్నా" అంది. ఆయన తిరిగి నిలబడ్డాడు. "ఆరు" అన్నాడు. ఇంకోటి విని "తొమ్మిది" అన్నాడు. రెండూ సరిగ్గా చెప్పాడు. ఇటు తిరిగి డోలక్ వాయించేవాళ్లతో "పాట షురూల మీరు జర ఆగున్రి. గిటార్ ఒక్కటే ఇనబడాలె" అన్నాడు. అక్క కళ్లు తుడుచుకోవడం నేనొక్కదాన్నే చూశాను.

పెద్దయ్యాక నేను దమ్మాయిగూడలో లెక్కల టీచర్‌నయ్యాను. రిటైరయ్యేదాకా పిల్లలను "అర్థమైందా?" అని అడగలేదు. అడిగితే అయిందనే అంటారు, టీచరంటే ఇష్టం కొద్దీనో భయం కొద్దీనో. సుద్దముక్క చేతికిచ్చి బోర్డు దగ్గరికి పిలిచేదాన్ని. ఇప్పుడు ఒంట్లో బాగుండని మా చెల్లెలికి ఫోన్ చేసినా "బాగున్నావా?" అనను. పొద్దున ఏం తిన్నావని అడిగి, అది చెప్పేదాకా ఆగి వింటాను.