ఆ ఫోన్లలో దీపాన్ని ఆపింది నేనే

రోజూ పొద్దున ఇంట్లో దీపం పెట్టేటప్పుడు నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. అగ్గిపుల్ల వేలి దాకా కాలుతూ వస్తుంది. చూసేవాళ్ళు భక్తి అనుకుంటారు. కొన్నేళ్ళుగా గొంతులో పెట్టుకు తిరుగుతున్న ఒక మాట సరిగ్గా అప్పుడే పైకి వస్తుంది. దాన్ని ఇవాళ మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదయింది.

ముందు ఒక సంగతి. దేనికి నన్ను తప్పుపడతారో నాకు తెలుసు. దానికి నేను ఒప్పుకోను. ఒప్పుకునేది వేరే ఉంది.

నేను బడికి వెళ్ళలేదు. వరంగల్‌లో మా నాన్న మరమగ్గం నడుపుతూనే నాకు అక్షరాలు, లెక్కలు నేర్పాడు. తర్వాత ఒక పాత కంప్యూటర్ తెచ్చిపెట్టాడు. యాప్‌లు తయారు చేయడం దాని ముందు కూర్చునే నేర్చుకున్నాను. ఏ పట్టా లేని నన్ను హన్మకొండలో ఒక చిన్న ఆఫీసు తీసుకుంది. దేవుడికి, నాన్నకు, ఉద్యోగమిచ్చిన సార్‌కు రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. ఇప్పటికీ.

మేం ఒక శివాలయానికి యాప్ చేశాం. గుడికి రాలేనివాళ్ళు అందులో పేరు, గోత్రం నింపితే పూజారి వాళ్ళ పేరున గుడిలో దీపం వెలిగిస్తాడు. ఫోన్‌లో కూడా ఆ పేరు కింద దీపం బొమ్మ ఒకటి కనిపిస్తుంది. దాని జ్వాల గాలికి ఊగినట్టు ఊగుతుంది. సార్‌కు ఆ ఊగడం ఎంతో ఇష్టం. కానీ అలా ఊగాలంటే ఫోన్ క్షణక్షణం బొమ్మను కొత్తగా గీస్తూనే ఉండాలి. సార్ ఖరీదైన ఫోన్‌లో ఏ ఇబ్బందీ లేదు. ములుగులోనో మరిపెడలోనో ఒకరి చేతిలో ఉండే చవక ఫోన్‌లో? చేయి కాలేంత వేడెక్కేది. పేరు నింపబోతే నొక్కిన అక్షరం ఎప్పటికో పడేది. కొందరికి తెర బిగుసుకుపోయి, పూజ నమోదు కాకముందే యాప్ మూతపడేది.

జ్వాలను ఆపేద్దామని అడిగాను. “దేవుని యాప్‌ల దీపం ఆర్పుతవా? నువ్వేనా ఈ మాట అనేది?” అన్నాడు సార్. ఆఫీసుకు రోజూ పూజ ముగించి, విభూతి పెట్టుకుని వచ్చేది నేనొక్కదాన్నే. అందరూ నవ్వారు.

ఎవరికీ చెప్పకుండా చేశాను. శక్తి తక్కువున్న ఫోన్లలో మాత్రం జ్వాల కదలని బొమ్మగా ఉండిపోయేట్టు మార్చాను. సార్ ఫోన్‌లో ఎప్పటిలాగే ఊగింది. కొన్నాళ్ళకు ఫిర్యాదులు తగ్గాయి. వేలు పెట్టగానే తెర పలికింది. సార్ మిఠాయి పంచాడు. నేనూ తిన్నాను.

ఇందులో పాపమేముంది? గుడిలో అసలు దీపం వెలుగుతూనే ఉంది. దేవుడికి నా బొమ్మ ఊగడం కావాలా, ఒక మనిషి పేరు ఆయన ముందుకు చేరడం కావాలా? మళ్ళీ చేయాల్సి వస్తే మళ్ళీ చేస్తాను.

ఆ తర్వాత ఒకామె ఆఫీసుకు వచ్చింది.

మరిపెడ దగ్గరి ఊరు. కూతురు వరంగల్‌లో దవాఖానలో ఉంది. యాప్‌లో ఉన్న అడ్రసు ఎవరితోనో చదివించుకుని మా ఆఫీసు కనుక్కుంది. కొంగులో చుట్టిన ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

“బిడ్డా, జర చూడు. నా బిడ్డ పేరు మీద పెట్టిన దీపం ఊగుతలేదు. మొన్నటిదాంక మంచిగనే ఊగె.”

“దీపం ఉన్నది గదమ్మా,” అన్నాను.

“ఉన్నది. పాణం లేదు దాంట్ల.” గొంతు తగ్గించింది. “నా బిడ్డకు ఏమన్న అయితదా?”

సార్ వెనక కుర్చీలోనే టీ తాగుతూ మా వైపు చూస్తున్నాడు. ఇది బొమ్మమ్మా, నేనే ఆపిన, గుడిల దీపం మంచిగ వెలుగుతాంది. ఇంతే చెప్పాల్సింది. చెబితే ఉద్యోగం పోతుంది. పోతే పోనీ అని ఎందుకు అనుకోలేకపోయాను?

“మనసు నిలిపి చూడాలె అమ్మా,” అన్నాను. “మనసు అటిటు పోతే ఊగదు.”

ఆమె నా ముఖం చూసింది. నుదుటి మీది విభూతి చూసి నమ్మిందనుకుంటాను. “నిజమే బిడ్డా. మనసు యాడ నిలుస్తది, అంత ఫికరే ఆయె,” అని ఫోన్ మళ్ళీ కొంగులో చుట్టుకుని వెళ్ళింది.

ఆ మాట నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చింది? భయపడ్డానని చెప్పుకోవచ్చు. కానీ భయపడ్డ మనిషి నెట్ లేదంటుంది, ఫోన్ పాతదంటుంది. నేను తప్పును ఆమె భక్తి మీద పెట్టాను. ఆ మాట ఎక్కడ తగులుతుందో భక్తి ఉన్నదాన్ని కనుక నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆ రోజే కూర్చుని, మొదటే చేయాల్సిన పని చేశాను. ముందుగా గీసి పెట్టిన కొన్ని చిన్న బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి మారేట్టు, అది కూడా ఆ తెర కళ్ళ ముందున్నంతసేపే, వేలు తాకగానే ఆగేట్టు మార్చాను. చవక ఫోన్‌కు కూడా బరువు కాలేదు. జ్వాల ఊగింది.

ఆమె మళ్ళీ వచ్చింది. నా చేతిలో అరటిపండ్లు పెట్టింది.

“నీ మాటనే నిజమాయె బిడ్డా. పొద్దంత ఏం తినకుంట చూసిన. ఊగింది.” నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “గన్ని దినాలు నా మనసే మంచిగ లేకుండె. నా బిడ్డ గందుకే గోస పడ్డది.”

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. దండం పెట్టాను. కూతురు ఎలా ఉందని కూడా అడగలేదు. ఆమె ఫోన్ నంబరు యాప్‌లో ఉంది. ఎన్నోసార్లు తెర మీదికి తెచ్చుకున్నాను. నొక్కలేదు.

దేవుడు క్షమిస్తాడని నాకు చెప్పకండి. ఆయన దీపం ఒక్కరోజూ ఆరలేదు, ఆయనతో నాకు పేచీ లేదు. మన్నించాల్సింది ఆమె. ఆమె దగ్గరికి నేను పోలేదు. సార్ ఇది చదివితే చదవనీయండి. జ్వాల ఆపినందుకు తీసేస్తే వాదిస్తాను. ఆమెతో అన్న మాటకు తీసేస్తే నోరెత్తను.

ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తారేమోనని రాస్తున్నాను. అమ్మా, ఆ దీపం నేను ఆపితే ఆగింది, నేను కదిపితే కదిలింది. మీ మనసులో ఏ లోపమూ లేదు. మీ బిడ్డ మీ వల్ల గోస పడలేదు.

రాశాను. గొంతులో ఉన్నది కాగితం మీద పడింది. అంతకు మించి ఏమీ కాలేదు.