పజుండౌంగ్‌లో ఒలందుల ఊరు

మా అత్త పుట్టింది రంగూన్ నగరంలోని పజుండౌంగ్‌లో, పెరిగింది పజుండౌంగ్‌లో, కాపురానికి వచ్చింది నాలుగు వీధుల అవతలికి. అయినా ఎవరడిగినా "మాది ఒలందుల ఊరు" అనేది. ఆవిడ తాత రంగూన్ రేవులో మూటలు మోయడానికి ఓడెక్కిన భీమిలి అది. విశాఖపట్నం దాటితే సముద్రం ఒడ్డున ఉండే చిన్న ఊరు. ఒలందులంటే డచ్చివాళ్లు. కొన్ని వందల ఏళ్ల కింద అక్కడ కోట కట్టి, బట్టల వ్యాపారం చేసి, చాలామంది ఆ ఇసకలోనే కలిసిపోయారు. ఆ కథంతా మా అత్తకి వాళ్లమ్మ చెప్పిందే. ఆ తల్లీ ఊరు చూడలేదు, ఈ కూతురూ చూడలేదు.

నాకు ఊరు లేదు. మా ముత్తాత ఏ రేవులో ఓడెక్కాడో మావాళ్లలో ఎవరికీ తెలియదు. బరంపురం వైపని ఒక పెద్దమ్మ, కాదు శ్రీకాకుళమని ఇంకో పెద్దమ్మ. పెళ్లిచూపుల్లోనే మా అత్త ఆ కూపీ లాగింది. ఇక కూరలో ఉప్పెక్కువైనా, అన్నం అడుగంటినా ఒకటే మాట.

"ఊరూ పేరూ నేని గుంటని తెచ్చుకుంటే ఇంతే మరి."

గుంటంటే ఆవిడ యాసలో పిల్ల. నవ్వుతూ అనేది కాబట్టి పోట్లాడడానికీ వీలుండేది కాదు. లోపల మాత్రం ఉడికిపోయేదాన్ని. మూటలు మోసినవాడి మనవరాలికి, మోయించుకున్న దొరల సమాధులు ఏం గొప్పో అనుకునేదాన్ని.

కొన్నేళ్ల కిందట ఆవిడకి మతిమరుపు మొదలైంది. మొదట మా అంగట్లో చింతపండు అడిగినవాళ్లకి ఎండుమిరపకాయలు పొట్లం కట్టింది. తర్వాత మా ఆయన్ని తమ్ముడనుకుంది. ఆ తర్వాత సాయంత్రమయ్యేసరికి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడడం మొదలుపెట్టింది.

"ఇంటికి ఎల్లిపోతాను."

"ఇదే మన ఇల్లు అత్తా."

"కాదే. మా ఇల్లు గంటస్తంబం పక్కని."

"గంటస్తంభం ఇక్కడెక్కడిది? ఇది పజుండౌంగ్."

నాకు నిజం చెప్పకపోతే నిద్రపట్టదు. చెప్పిన ప్రతిసారీ ఆవిడ చంటిపిల్లలా ఏడ్చేది. "కాదనకండి, వెంట నడవండి" అన్నాడు డాక్టరు. నడవాలంటే ఆ ఊరేదో నాకూ తెలియాలి కదా!

మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడమంటే బర్మా మాటల్లోకి జారుకుంటుంది. ఒలందా అంటే హాలండే కదా అని, అది ఫోన్లో ఏదో చిన్న డచ్చి ఊరు తెరిచి నాయనమ్మ ముందు పెట్టింది. కాలవలు, గాలిమరలు, ఎర్ర ఇటుకల ఇళ్లు, ఒక పాత చర్చి. అత్త కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఇదేటే, ఇళ్ల మద్దెన మురిక్కాలవలు? మా ఊర్లో సముద్రముంది."

మతి పోయినా ఊరి పౌరుషం పోలేదు. నేనూ నా పిల్లా కడుపుబ్బ నవ్వాం, మమ్మల్ని చూసి ఆవిడా నవ్వింది. తర్వాత అసలు ఊరు వెతికాం. మా ఇంట్లో అందరి నోటా అది "బీమిలి"యే. రాసేటప్పుడు దానికి ఒత్తుంటుందని నాకు తెలిసింది ఆ రోజే.

అంగట్లో బేరాలు లేనప్పుడు పరీక్షకి చదివినట్టు చదివాను. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, దీపస్తంభం, గంటస్తంభం, కొండమీద నరసింహస్వామి గుడి, ఒడ్డుకి దగ్గరగా ఒలందుల సమాధులు. ఒక సంగతి చూసి ఆగిపోయాను. అక్కడ పొద్దు పొడిచేది సముద్రం వైపు, మాకు పజుండౌంగ్ వాగు వైపు. రెండుచోట్లా నీళ్లు తూర్పునే. చిన్నపిల్లగా ఉన్న అత్త చెయ్యి పట్టుకుని వాళ్లమ్మ ఈ వీధుల్లోనే ఆ ఊరిని చూపించి ఉంటుంది. టీ దుకాణం మలుపు గంటస్తంభం, చర్చి గోడ ఒలందుల సమాధులు. దొరల మీద మోజు కాదది. దారి చెప్పడానికి నలుగురికీ తెలిసిన గుర్తులు కావాలి, ఆ ఊళ్లో అలాంటివి అవే. అది తెలిశాక నా కోపం సగం చల్లారింది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఇద్దరం భీమిలి వెళ్లేవాళ్లం.

"గంటస్తంభం వచ్చింది అత్తా."

"అవును మరి. గంట కొట్టినాది, ఇనపడనేదేటి నీకు?"

ఒక చుట్టు తిరిగి మా గుమ్మం ముందుకే వచ్చేవాళ్లం. "ఇదిగో మీ ఇల్లు" అంటే తృప్తిగా లోపలికి వెళ్లేది.

కిందటి వానాకాలం, నేను కందిపప్పు తూచి తలెత్తేలోగా ఆవిడ లేదు. మా ఆయన వాగువైపు, అమ్మాయి బజారువైపు పరుగెత్తారు. నేను మాత్రం పజుండౌంగ్‌లో ఎక్కడుందా అని కాదు, భీమిలిలో ఎక్కడికి పోయి ఉంటుందా అని ఆలోచించాను. రెండు రోజులుగా దీపస్తంభం చూపించమని ప్రాణం తీస్తోంది. అదెలా ఉంటుందని నేనడిగితే, "బోటాటౌంగ్ పగోడాలాగ ఎత్తుగా, లోపల బోలుగా" అని వాళ్లమ్మ చెప్పిన మాటే చెప్పింది. వానలోనే బోటాటౌంగ్‌కి రిక్షా కట్టించుకున్నాను.

పగోడా ఎదురుగా, పడవలరేవు దగ్గర బల్లమీద కూర్చుని ఉంది, తడిసి ముద్దయి. ఎవరో సైకిల్ రిక్షా అతను గొడుగు పట్టి, ఇల్లెక్కడని బర్మా భాషలో అడుగుతున్నాడు. ఆవిడ తెలుగులో జవాబిస్తోంది. జీవితమంతా మాట్లాడిన బర్మా భాష ఆవిడ నోట్లోంచి పోయింది. దొరికిందన్న సంతోషం కన్నా ముందు నాకు కోపమే వచ్చింది. తిట్టబోయాను. ఆవిడ నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

"ఏ ఊరమ్మా నీది?"

ఏ ఊరని చెప్పను? ఆవిడకి ఆ ప్రశ్నకి జవాబు నేనెప్పుడూ ఇచ్చింది లేదు. కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. ఆవిడ లేచి, తడి కొంగుతోనే నా మొహం తుడిచింది. రిక్షా అతని వైపు తిరిగింది.

"ఇది మా ఊరి గుంటే, బాబూ. దారి తప్పిపోనాది. నాను ఇంటికి తీసుకెల్తాను."

అమ్మమ్మ ఏమంటోందని అతను నన్నడిగాడు. "నేను తప్పిపోయానట. నాది వాళ్ల ఊరేనట, ఇంటికి తీసుకెళ్తుందట" అని బర్మా భాషలో చెప్పి, ఆవిడ చెయ్యి పట్టుకుని వెంట నడిచాను.