అవ్వ చెయ్యి వేయని నడుము

గోపన్‌పల్లి అవ్వ పోయిందన్న మాట సోమవారం ఉదయం మా ఫ్యాక్టరీ డిస్పెన్సరీ వరండాలోంచి వినిపించింది. మందుల కోసం నిలబడ్డ కార్మికుడొకడు పక్కవాడితో అంటున్నాడు: "నిన్న పొద్దున చాయ్ తాగి గోడకు ఒరిగి కూసున్నదంట. గట్లనే పోయింది." అప్పుడు నేను ఒకతని వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఉన్నాను. ఊపిరి తీసుకోమని చెప్పి, విడవమని చెప్పడం మరిచిపోయాను.

మీలో చాలామందికి ఆమె తెలియదు. చందానగర్ నుంచి కూకట్‌పల్లి దాకా నడుము పట్టినవాళ్లకు మాత్రం తెలుసు. ఆమె ఎదురుకాళ్లతో పుట్టిందట. అలా పుట్టినవాళ్లు కాలితో తడితే నడుము నొప్పి పోతుందని మనవాళ్ల నమ్మకం కదా. నడక రాకముందే ఆమెను ఎత్తుకొచ్చి, బోర్లా పడుకున్నవాళ్ల వీపు మీద నిలబెట్టేవారట. పెళ్లయ్యాక రాళ్ల గనిలో పనికి పోయింది. అక్కడ రోజూ ఎవరిదో ఒకరి నడుము పట్టేది. కాలి మహిమను నమ్మడం మానేసి, చేతివేళ్లతో నొప్పిని వెతకడం మొదలుపెట్టింది అక్కడేనని చెప్పేది.

అరవైల చివర్లో నేను కోస్తా నుంచి వచ్చి ఈ డిస్పెన్సరీలో చేరాను. కొత్త డాక్టర్ని, చదివింది ఇంకా వేడిగా ఉంది. కార్మికులు అవ్వ దగ్గరికి పోతున్నారని తెలిసి, షెడ్డులో అందర్నీ పోగుచేసి గట్టిగా చెప్పాను. "వెన్నెముకతో ఆటలాడకండి. చదువులేని చేతికి మీ నడుము అప్పజెప్పకండి" అన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. పోవడమూ మానలేదు.

ఆ వానాకాలమే నీళ్ల బకెట్టు ఎత్తబోయి నేనే కూలబడ్డాను. రెండు రోజులు మాత్రలు మింగుతూ మంచం మీద పక్కకు కూడా తిరగలేకపోయాను. మూడో రోజు మా ఆవిడ నాతో చెప్పకుండా కబురు పంపింది. అవ్వ గోపన్‌పల్లి నుంచి బండరాళ్ల మధ్య బాట పట్టుకుని నడిచొచ్చింది. చెయ్యి వేసే ముందు మంచం పక్కన కూర్చుని అడిగింది.

"కాళ్లల్ల బలం ఉన్నదా సారూ? దగ్గితే కాలు గుంజుతున్నదా? ఒంటికి మంచిగ పోతున్నవా?"

మూత్రం సంగతి కూడా అడిగేసరికి సిగ్గుతో నేను గోడ వైపు చూశాను. మా ఆవిడే బదులు చెప్పింది, "అన్నీ బాగానే ఉన్నాయండి, నడుమొక్కటే."

నన్ను పక్కకు తిప్పి, పైకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వేసింది. మెల్లగా నొక్కుతూ పోయింది. ఒకచోట ఆగింది. "ఊపిరి ఇడువు" అంది. విడిచాను. చిన్న తోపు, రెప్పపాటులో అయిపోయింది. నడుములో టప్పుమని చప్పుడు. కాసేపటికి లేచి నిలబడ్డాను.

"ఎముక జరిపావా అవ్వా?"

"బొక్క ఎక్కడిది అక్కడనే ఉంది. కండ భయపడి దాన్ని బిగబట్టింది. జర భయం తీసిన, గంతే. రెండు దినాలు బరువు ఎత్తకు."

తిరిగి డ్యూటీకి వెళ్లినప్పుడు మాత్రలతో తగ్గిందని చెప్పాను. నా మొదటి తప్పు అది. రెండో తప్పుకు అదే దారి వేసింది.

మరుసటి ఏడు యాదయ్య వచ్చాడు. లోడింగులో పనిచేసేవాడు, ముప్పై దాటని మనిషి. ఇనుప కడ్డీలు ఎత్తుతుంటే నడుము పట్టిందట. అందరిలాగే అవ్వ దగ్గరికి వెళ్లాడు.

"అవ్వ చెయ్యి ఎయ్యలే సార్. కూసున్న జాగల తిమ్మిరి ఉన్నదని చెప్పిన. ఇది నా చేతి పని కాదు, ఇయ్యాలనే పెద్ద దవాఖానకు పో అన్నది. మీకు గూడ చెప్పుమన్నది."

వరండాలో వరుస పొడుగ్గా ఉంది. అందరూ వింటున్నారు. "ఓహో, ఇప్పుడు అవ్వ నాకు చీటీలు పంపిస్తోందా?" అన్నాను. కొందరు నవ్వారు. యాదయ్య కూడా మర్యాదకు నవ్వాడు. అతన్ని బల్ల మీద పడుకోబెట్టలేదు. గుండుసూదితో నాలుగుచోట్ల గుచ్చి స్పర్శ చూడడానికి రెండు నిమిషాలు పట్టదు. అదీ చూడలేదు. మాత్రలు రాసి, మూడు రోజులు పడుకోమని సెలవు చీటీ ఇచ్చి పంపాను.

రెండో రోజుకు మూత్రం ఆగిపోయింది. కాళ్లు వశం తప్పాయి. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల జారి, కాళ్లకూ, కూర్చునే చోటుకూ, మూత్రాశయానికీ పోయే నరాల కట్టను నొక్కేసింది. పట్నంలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, నడకా వచ్చింది. ఎడమ పాదం మాత్రం పైకి లేవలేదు. లోడింగు నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టారు.

నెల తర్వాత గోపన్‌పల్లి వెళ్లాను. దారంతా ఒక వాక్యం కూడబలుక్కున్నాను: నీ మాట వినకపోవడం నా తప్పు అవ్వా, అని. ఆమె అరుగు మీద కందులు చెరుగుతోంది.

"యాదయ్య నడుస్తున్నడా?"

"నడుస్తున్నాడు. ఎడమ పాదం లేవడం లేదు."

చేట ఆగింది. "పిల్లలు శానా చిన్నగున్నరు" అంది.

కూడబలుక్కున్న వాక్యం చెప్పలేదు. దానికి బదులు, "ఎలా తోస్తావో నాకు నేర్పుతావా?" అని అడిగాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, చేతులు కడుక్కోవడానికి లేచింది.

ఆ తర్వాత చాలా ఆదివారాలు వెళ్లాను. నా చేతి మీద తన చెయ్యి వేసి నేర్పింది. ముందు మెల్లని ఒత్తిడితో కండ, చర్మం ఇచ్చే సడలింపంతా తీసుకోవాలి. కీలు ఇక కదలనంటూ చేతికి గట్టిగా తగిలేచోట ఆగాలి. అక్కడినుంచి తోపు చాలా చిన్నది, చాలా వేగమైనది. ఆ కదలిక బియ్యపు గింజంత కూడా ఉండదు. వేగం తగ్గితే బిగిసిన కండ మేలుకుని అడ్డుపడుతుంది, బలం పెరిగితే గాయమవుతుంది. "తొందర చేతికి ఉండాలె, మనసుకు ఉండొద్దు" అనేది.

ఒకరోజు, "ఆ సప్పుడు ఏంది సారూ, నీకెరుకనా?" అని అడిగింది. వెన్నుపూసల వెనక చిన్న కీళ్లుంటాయని, వాటిలో జిగురులాంటి నీరుంటుందని, కీలు ఒక్కసారి విడితే ఆ నీటిలో గాలి బుడగ ఏర్పడుతుందని చెప్పాను. చప్పుడుకూ నొప్పి తగ్గడానికీ సంబంధం ఉందో లేదో మాకూ తెలియదన్నాను. ఆమెకు నవ్వొచ్చింది. "అందరు దానికే మురుస్తరు. వినపడకుంటే ఇంకోపారి నొక్కుమంటరు" అంది.

ఎక్కువగా నేర్పింది ఎవరిని తాకకూడదో. జ్వరంతో నడుము నొప్పి వచ్చినవాణ్ని తిప్పి పంపేది. వంగిపోయిన ముసలమ్మలను నొక్కేది కాదు, "బొక్క బెండు లెక్క ఉంటది" అనేది. తిమ్మిరి గురించి చెప్పేటప్పుడు మాత్రం నా వైపు చూసేది కాదు. నన్ను నొప్పించకుండా ఉండడానికేనని నాకు తెలుసు. ప్రతి ఆదివారమూ నా తప్పు అన్న ఆ ఒక్క మాట చెప్పకుండానే తిరిగొచ్చాను. వచ్చేవారం చెప్పొచ్చులే అనుకున్నాను.

కబురు విన్న సాయంత్రం గోపన్‌పల్లి వెళ్లాను. అప్పటికే అంతా అయిపోయింది. అరుగు మీద యాదయ్య కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. ఏడేళ్లుగా రోజూ గేటు దగ్గర నాకు నమస్కారం పెడుతున్న మనిషి.

"ఆ రోజు అవ్వ చెప్పి పంపింది నిజం యాదయ్యా. నేను చూడలేదు. చూసి ఉంటే నీ కాలు దక్కేది."

"ఎరుకనే సార్. ముందుగాల ఎందుకు రాలేదని పట్నం డాక్టరు తిట్టిండు."

"మరి నన్నెప్పుడూ అడగలేదేం?"

"సెలవు చీటీలు రాసేది మీరే గద సార్." అతని గొంతులో కోపం లేదు. తర్వాత అడిగాడు, "అవ్వకు చెప్పిండ్రా ఈ ముచ్చట?"

"లేదు."

అతను లోపల వెలుగుతున్న దీపం వైపు చూశాడు. తప్పు లేదనలేదు, పోనీయమనలేదు. అరుగు పట్టుకుని లేచాడు.

"పోదాం సార్, ఇగ బస్సు దొరకదు."

పొలం గట్టు మీద ముందు అతను, వెనక నేను. అడుగడుక్కీ ఎడమ మోకాలు ఎత్తుగా లేపి, లేని గడపను దాటుతున్నట్టు పాదం అవతల వేస్తున్నాడు. గట్టు ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు లేదు. అతనిని దాటి పోలేక, ఆగిపోలేక, రోడ్డు వచ్చేదాకా ఆ కాలినే చూస్తూ నడిచాను.