గేటమ్మకు గుర్తుండని ముఖాలు

బడి పిల్లలు ఆమెను గేటమ్మ అనేవాళ్లు. పదకొండేళ్లపాటు రోజూ మూడున్నరకు ఇనుప గేటు పక్కన నిలబడి, ఎవరి పిల్లను వాళ్లకు చెయ్యి పట్టుకుని అప్పగించడం ఆమె పని. ఒక్క పొరపాటు కూడా జరగలేదు. "మా గేటమ్మది డేగకన్ను" అని హెడ్‌మిస్ట్రెస్ వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేది.

నిజానికి గేటమ్మకు ఒక్క ముఖం కూడా గుర్తుండదు. కళ్లు, ముక్కు, నోరు అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. తల తిప్పేసరికి పలక తుడిచినట్టు పోతాయి. చిన్నప్పుడు సొంత పెద్దమ్మ ఎదురుపడినా పలకరించలేదని పొగరుబోతు అనిపించుకుంది. అందరికీ ఇంతేననీ, తను మొద్దు కాబట్టి ఇంకాస్త కష్టపడాలనీ అనుకుంది. మనుషుల్ని వేరే దారుల్లో పట్టుకోవడం నేర్చుకుంది. కుడికాలు ఈడుస్తూ వచ్చేది కవలల నాన్న. తాళంచెవుల గలగల వినబడితే బొద్దుపాప పిన్ని. గొంతు, నడక, చెప్పులు, జడ. ఇవి చాలనుకుంది.

ఒకరోజు సరిగ్గా బడి వదిలే వేళకు కుండపోత మొదలైంది. పెద్దలూ పిల్లలూ అందరూ తలమీదికి లాక్కున్న రెయిన్‌కోట్లలోనే ఉన్నారు. రేకుల మీద వాన హోరులో గొంతులు కలిసిపోయాయి. నీళ్లు తప్పించుకుంటూ గెంతడంతో అందరి నడకా ఒకటే అయింది. ఒక ఇంట్లో ఆరోజే పనికి కుదిరిన మనిషి వచ్చి ఏదో పేరు చెప్పింది. గేటమ్మ కోటు రంగు చూసి ఆ పిల్లే అనుకుని, ఎర్రకోటులో నిద్రకు జోగుతున్న పాపను ఆమె చేతికిచ్చింది.

పావుగంట తర్వాత ఆ పాప తల్లి వచ్చి, "మా అమ్మాయేది?" అంది.

గంటన్నరకు పాప క్షేమంగా దొరికింది. పనిమనిషి తీసుకెళ్లిన ఇంటివాళ్లే తలుపు తీసి, మా పిల్ల కాదని కెవ్వుమన్నారట.

"రెండేళ్లుగా రోజూ చూస్తున్న పిల్లే కదమ్మా!" అంది హెడ్‌మిస్ట్రెస్.

"చూస్తూనే ఉన్నానండి. నాకు ముఖాలు నిలవవు."

"ఇదేం సాకు?"

భర్త పోయాక ఆమెకు మిగిలింది ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లే పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు పది ఫోటోలు బల్లమీద పరిచి, "వీళ్లలో మీకు తెలిసినవాళ్లున్నారా?" అన్నాడు.

గేటమ్మ ఒక్కొక్కటీ తీరిగ్గా చూసి, "లేరండి" అంది.

ఆరో ఫోటో కూతురిది. వెనక నిలబడ్డ కూతురు ముందుకు వంగి తన ఫోటోను మళ్లీ చూసుకుంది.

"మెదడులో ముఖాల్ని గుర్తుపట్టే భాగం ఒకటుంటుంది. మీకది పుట్టినప్పటినుంచీ సరిగా పనిచెయ్యడం లేదు. మీ కళ్లలో దోషం లేదు. మీరు మొద్దు కూడా కాదు" అన్నాడు డాక్టరు.

"మందుందాండీ?"

"లేదమ్మా."

అయినా ఆమెకు కాస్త ప్రాణం లేచొచ్చింది. తప్పు తనది కాదని కాగితం మీద రాయించుకుని బడికి వెళ్లింది. హెడ్‌మిస్ట్రెస్ రెండుసార్లు చదివింది. ఆమెకు జాలేసింది కూడా.

"ఇది చదవకముందు మందలించి వదిలేద్దామనుకున్నానమ్మా. చదివాక మిమ్మల్ని ఆ గేటు దగ్గర ఎలా నిలబెట్టను?"

గేటమ్మ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరింది. అక్కడ ఎవరినీ గుర్తుపట్టనక్కర్లేదు.

ఇంట్లో కూతురు మాటలు తగ్గించింది. ఒకనాడు అన్నం కలుపుతూ, "నేనేనని నీకెలా తెలుస్తుందమ్మా?" అంది.

"మెట్లు రెండేసి ఎక్కుతావుగా. తుమ్మితే మూడు తుమ్ముతావు."

"మెల్లగా ఎక్కితే?"

గేటమ్మ కూతురి కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

కొన్నాళ్లకు కూతురు ఉద్యోగంలో చేరింది. ఒకరోజు పనినుంచి వస్తూ జుట్టు కత్తిరించుకుని, కొత్త బూట్లు వేసుకుని, సాయంత్రం బస్‌స్టాపులో తల్లి పక్కకొచ్చి కూర్చుంది. నోరు విప్పలేదు. గేటమ్మ సంచి ఇవతలికి జరుపుకుని, ఆమెకు చోటిచ్చి, బస్సు కోసం రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

ఆ సంగతి ఇంటికొచ్చాక చెప్పింది కూతురు.

"పలకరిస్తే నీ సొమ్మేం పోయిందే!"

"ఒక్కసారైనా నువ్వే ముందు పలకరిస్తావేమోనని చూశానమ్మా."

అప్పటినుంచి గేటమ్మ బస్‌స్టాపులో ఆ ఈడు అమ్మాయి ఎవరు కనబడినా సగం నవ్వు నవ్వుతుంది. చాలామంది ముఖం తిప్పేసుకుంటారు. మొన్న ఒకమ్మాయి మాత్రం దగ్గరికొచ్చి, "ఆంటీ, నేను మీకు తెలుసా?" అంది.

ఆ గొంతు కూతురిది కాదు.

"తెలీదమ్మా" అంది గేటమ్మ.