సాంబమూర్తిగారు పుచ్చుకోని కాఫీ

సాంబమూర్తిగారు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. డబ్బు సంగతి కాదు, అది పుచ్చుకోనివాళ్లు ఇంకా కొందరున్నారు. ఈయన కాఫీ పుచ్చుకోరు, మంచినీళ్లు పుచ్చుకోరు, కూర్చోమంటే కుర్చీ కూడా పుచ్చుకోరు. తుమ్మినప్పుడు ఎవరైనా "చిరంజీవ" అంటే దాన్ని కూడా వెంటనే తిరిగిచ్చేస్తారేమోనని భావనకి అనుమానం.

భావన పనిచేసేది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల కొట్టు పై అంతస్తులో. నగరానికి తూర్పున ద్రాక్షతోటలు వేసే రైతులూ, ఆ ద్రాక్ష కొనే వైన్ కంపెనీల వాళ్లూ కలిసి ఒక ప్రవర్తనా నియమావళి రాసుకున్నారు. ఎవరైనా దాన్ని మీరితే విచారించడానికి, ఏ పక్షానికీ చెందని ఇద్దరు స్వతంత్ర సభ్యులతో ఒక కమిటీ వేశారు. ఒకరు రేపల్లె నుంచి వచ్చి చైతన్యపురిలో స్థిరపడ్డ సాంబమూర్తిగారు, రెండోవారు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన కృష్ణకుమారిగారు. విచారణలు ఏర్పాటు చేయడం భావన ఉద్యోగం.

మొదటిరోజే ఆయన చంకలో మడత స్టూలు, భుజాన మంచినీళ్ల ఫ్లాస్కుతో దిగారు.

"కూర్చోండి సార్."

"ఈ కుర్చీ ఎవరిదమ్మాయ్?"

"కమిటీదండి. కంపెనీల వాళ్లు కొనిచ్చారు."

ఆయన స్టూలు విప్పి దాని మీద కూర్చున్నారు. తర్వాత పైకి చూశారు. "ఆ ఫ్యానో?"

"అదీ వాళ్లదేనండి."

ఆయన స్టూలు జరుపుకుంటూ జరుపుకుంటూ వెళ్లి గాలి తగలని మూలకి చేరారు. కృష్ణకుమారిగారు బుగ్గలు నొక్కుకున్నారు. "గాలి కూడానా మూర్తిగారూ?"

"గాలి దేవుడిదే అమ్మా. తిప్పేది కంపెనీ."

పోనీ వైన్ సంగతి తెలుసా అంటే, ఆయన ద్రాక్షరసం కూడా దగ్గొస్తుందని తాగని మనిషి. ఒక కంపెనీ మేనేజరు రాఘవేంద్ర ఉండబట్టలేక అడిగాడు. "ఒక్కసారైనా రుచి చూడకుండా ఎలా తీర్పు చెబుతారండీ?"

"ఖూనీ కేసు విచారించే జడ్జీ ముందుగా ఒక ఖూనీ చేసి చూడాలా?" అన్నారు సాంబమూర్తిగారు.

ఇదంతా ఒక ఎత్తు, ఆయన "వద్దు" అనే తీరు ఒక ఎత్తు. మామూలుగా ఆయనది పక్కవాళ్లకి కూడా వినబడని గొంతు. కాఫీ ఎదురుగా పెట్టారో, లేచి వెళ్లి మెట్లవైపు తలుపు బార్లా తెరిచి, "వద్దు! నేను ఎవరి కాఫీ తాగను! ఎవరేం తెచ్చినా ముట్టను!" అని వీధి దద్దరిల్లేలా అరిచేవారు. ఒకనాడు కింద చీరల కొట్టు సీతారాములు లబోదిబోమంటూ పైకొచ్చాడు.

"మేడం, జర గా సారుకు చెప్పుండ్రి. పైన ఆయన వద్దు అని మొత్తుకుంటుంటే, కింద నా గిరాకీలు చీర ఈడవెట్టి పోతున్నరు!"

వద్దంటే వద్దు, సరే. తలుపు తెరిచి అరవడం దేనికి? భావన బుర్ర బద్దలు కొట్టుకుంది గానీ తేలలేదు. అడుగుదామంటే ఆయన జవాబు కూడా ఫ్లాస్కులో పెట్టి మూత బిగించే రకం.

ఇలా ఉండగా కిష్టమ్మ ఫిర్యాదు వచ్చింది. ఆవిడది నల్గొండ వైపు పల్లె, చిన్న ద్రాక్షతోట. ఆవిడ తెచ్చిన కాయకి తీపి చాలదని రాఘవేంద్ర కంపెనీ తిప్పి పంపింది. పైగా వచ్చే ఏడు నుంచి ఆ తోట కాయ కొననే కొనమంది. వేరే కొనేవాళ్లు లేరు, తోట కొట్టేసుకోవాల్సిందే. విచారణ రోజున ఫిర్యాదు చేసినవాళ్లు రాకపోతే ఫిర్యాదు కొట్టేయాలని నియమం. ఆ రోజు రాఘవేంద్ర వచ్చాడు, సభ్యులిద్దరూ వచ్చారు, కిష్టమ్మ జాడ లేదు. భావన ఫోన్ చేసింది.

"ఎల్బీ నగర్ కాడ ఉన్న బిడ్డా. సారుకని ముంజలు తెచ్చిన, ఆ సంచి బస్సుల మర్శిన. ఉత్త చేతులతోని సారు కాడికి ఎట్ల రావాలె? మళ్ల బస్సెక్కి పోత."

"అయ్యో, మా సార్ ఏమీ తీసుకోరమ్మా!"

"అందరు సార్లు ముందుగాల అట్లనే అంటరు బిడ్డా."

భావన ఈ సంగతి చెప్పగానే సాంబమూర్తిగారు స్టూలు మడిచారు. "పదండి, ఆవిడ బస్సెక్కేలోగా వెళ్లాలి. రాఘవేంద్రగారూ, మీరూ రావాలి. ఒక పక్షాన్ని మేం ఒంటరిగా కలవకూడదు."

నలుగురూ మెట్రో ఎక్కారు. రాఘవేంద్ర లేచి సీటిస్తే ఆయన తీసుకోలేదు, ఎల్బీ నగర్ దాకా కమ్మీ పట్టుకుని ఊగుతూనే వచ్చారు.

కిష్టమ్మ మెట్రో స్తంభం నీడలో, కొంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడి ఉంది. వీళ్లని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. ఎండకి సొమ్మసిల్లేలా ఉన్నారని రాఘవేంద్ర పాపం సాంబమూర్తిగారికి చెరకురసం తెచ్చిచ్చాడు. అంతే!

"వద్దు! కంపెనీ చెరకురసం నేను తాగను! రైతు ముంజలు నేను తినను! ఉత్త చేతులతో వచ్చినవాళ్లే నాకు కావాలి!"

"సూర్యాపేట, సూర్యాపేట" అని పిలుస్తున్న కండక్టరు కూడా ఒక్క క్షణం ఊరు పేరు మర్చిపోయాడు. కిష్టమ్మ నోరు తెరుచుకుని చూసింది, తర్వాత ఫక్కున నవ్వింది. "కంపెనోళ్లదే తాగకపాయె, ఇగ నా ముంజలేం తింటడు!" అంటూ ముందుకొచ్చింది.

విచారణ అక్కడే జరిగింది.

"తీపి పరీక్ష ఈవిడ ఎదుటే చేశారా?" అని అడిగారు సాంబమూర్తిగారు.

"లోపల ల్యాబులో చేశామండీ," అన్నాడు రాఘవేంద్ర.

"అప్పుడు ఈవిడెక్కడున్నారు?"

"గేటు అవతల నిలవెట్టిండ్రు సారూ," అంది కిష్టమ్మ. "నా కాయ చప్పగున్నదని వాచ్‌మన్ చెప్పిండు నాకు."

రైతు కళ్లెదుటే పరీక్ష చేయాలని నియమావళిలో ఉంది. సభ్యులిద్దరూ ముఖాలు చూసుకున్నారు, కృష్ణకుమారిగారు తీర్పు చెప్పారు. ఆ పరీక్ష చెల్లదు, ఆ తోట కాయ కొనడం కంపెనీ మానడానికి వీల్లేదు, వచ్చే పంటకి కిష్టమ్మని పక్కన నిలబెట్టుకుని మరీ తీపి చూడాలి. రాఘవేంద్ర తల గోక్కుంటూ ఒప్పుకున్నాడు. కిష్టమ్మ సూర్యాపేట బస్సెక్కి, కిటికీలోంచి కనబడినంతసేపూ చెయ్యి ఊపింది.

అందరూ వెళ్లాక సాంబమూర్తిగారు భావనని పక్క హోటల్లోకి లాక్కెళ్లి, తన డబ్బుతో కాఫీ మీద కాఫీ తాగారు. ఆబగా, గ్లాసు అడుగున నురగ కూడా వదలకుండా.

"సార్! మీకు కాఫీ ఇష్టమా?"

"ప్రాణం అమ్మాయ్! ఆ రాఘవేంద్ర తెప్పించే కాఫీ వాసనకి నాకెన్నిసార్లు ఏడుపొచ్చిందో నీకేం తెలుసు?"

"మరెందుకండీ ఈ శిక్ష?"

"మనం ఒకరి కాఫీ తాగితే, రెండోవాళ్లు దానికి తగినది ఏదో మోసుకురావాలనుకుంటారు. తేలేనివాళ్లు మెట్లెక్కరు, ఇంటికెళ్లిపోతారు."

"అయితే ఆ అరుపులు?"

"మెట్ల కింద తటపటాయిస్తూ నిలబడ్డవాళ్లకి వినబడొద్దూ?"

ఇన్నాళ్లూ ఈయన్ని చూసి చాటుగా నవ్వుకున్నందుకు భావనకి సిగ్గేసింది, అంతకు మించి ముచ్చటేసింది.

మరుసటి విచారణకి కిష్టమ్మ ఊరి చుట్టుపక్కల రైతులు నలుగురైదుగురు వచ్చారు. ఆవిడ అక్కడ ఏం చాటింపు వేసిందో గానీ, ఒక్కరి దగ్గరా సంచి లేదు, బుట్ట లేదు. అత్తారింటికొచ్చిన కొత్తల్లుళ్లలా దర్జాగా చేతులూపుకుంటూ మెట్లెక్కి వచ్చారు.