పెద్దమ్మ కోసం పస్తున్న మూడు రోజులు

మంగళవారం పొద్దున మా సంఘం గ్రూపులో మెసేజ్ వచ్చింది: "మన పెద్దమ్మ ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది." నిమిషంలో వరుసగా దండం బొమ్మలు. నేను ఏదీ పెట్టలేదు. అంతే, నాకు విశ్వాసం పోయిందని మా ఇంట్లో తేల్చేశారు. "డిగ్రీ చదివినంక దీనికి దేవుడు చిన్నగైండు," అంది అమ్మ. సంఘ పెద్ద అయిన నాన్న, "దేవుని మీద అలగొద్దు బిడ్డా," అన్నాడు. నేను దేవుడి మీద అలగలేదు. కోపం ఎవరి మీద అని మాత్రం ఇద్దరూ అడగలేదు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మేం బతకడానికొచ్చిన ఈ గుజరాతీ ఊళ్లో, గోడాదరా పేటలో ఒక మగ్గాల కార్ఖానా పై హాల్లో మా తెలుగువాళ్ల ఆరాధన. ఆదివారం అందరికంటే ముందొచ్చి ఊడ్చి, చాపలు పరిచేది. వాక్యం నడుస్తుంటే ఆమె కళ్లు బైబిల్లో ఉండేవి కావు, ఎవరు రాలేదో వెతుకుతుండేవి. సోమవారం షేరింగ్ ఆటోలో టిఫిన్ గిన్నెతో వాళ్ల గుమ్మంలో దిగేది. మందిరానికి ఎందుకు రాలేదని అడిగేది కాదు. "ఏం తిన్నవ్?" అనేది.

నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మా పాస్టరు అయ్యగారు ప్రార్థనకు చెయ్యి చాపారు. ఈమె ఆ చెయ్యి పక్కకు జరిపింది. "జర ఆగుండ్రి అయ్యగారూ. ముందుగాల గంజి తాగనియ్యుండ్రి. ప్రార్థన సల్లారదు, గంజి సల్లారుతది." ఆయన నవ్వి కూర్చున్నారు.

దేవత అని రాయను. నోరు ఆగేది కాదు. "నీ బిడ్డ ఫోన్ల ఎవనితోనో గుజరాతీల ముచ్చట పెడుతున్నది," అని అమ్మకు చెప్పింది. రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. మూడో వారం పచ్చిపులుసు తెచ్చి, "తిట్టుకుంటనన్న తిను," అంది.

కరోనా రెండో వేవ్‌లో ఆమెకు జ్వరం వచ్చింది. లింబాయత్ పేటలో ఒక్క గది, ఒంటరి మనిషి, చీరలకు చమ్కీలు అంటించి బతికేది. సంఘమంతా మూడు రోజుల ఉపవాస ప్రార్థన అన్నారు. అందరూ పేర్లిచ్చారు, నేనూ ఇచ్చాను. పగలంతా పస్తు, సాయంత్రం ఫోన్లో ప్రార్థన, ఆపైన ఎవరింట్లో వాళ్లం కడుపునిండా తినడం. ఆమెకు అన్నం ఎవరు తీసుకెళ్తున్నారని ఎవరూ అడగలేదు. పక్క సందువాళ్లు చూస్తున్నారనుకున్నాం. నిజం చెప్పాలంటే భయపడ్డాం. ఉపవాసం మంచి సాకు.

మూడో రోజు నాకు ఉండబట్టక వెళ్లాను. ఆమె గోడ పట్టుకుని వచ్చి తలుపు తీసింది. పొయ్యి తుడిచినట్టుగా ఉంది.

"ఏం తిన్నవ్ పెద్దమ్మా?"

"నీళ్లు తాగిన."

"ఒక్క ఫోన్ చెయ్యరాదా!"

"నా కోసం సంఘమంత పస్తుంటున్నరట. నాకు గంజి పొయ్యుండ్రని ఎట్లడుగుత బిడ్డా? సిగ్గనిపియ్యదా?"

వండి పెట్టాను. నాలుగు చెంచాలు మింగింది. మర్నాడు ఆస్పత్రి. అయిదో రోజు ఆ మెసేజ్.

గంజి తాగితే బతికేదని నేననడం లేదు, ఆ సంగతి డాక్టర్లకే తెలియలేదు. ఇంతమంది ఉండగా ఆకలితో ఆస్పత్రికి వెళ్లింది అంటున్నాను.

జ్ఞాపకార్థ కూడికలో చదవడానికి నన్నే రాయమన్నారు. "సంఘం ఆమె కోసం మూడు దినాలు ఉపవాసమున్నదని రాయి," అన్నాడు నాన్న.

"ఆమె కూడా ఉంది నాన్నా. అది కూడా రాయనా?"

"గవన్ని ఇప్పుడెందుకు?" అని లేచిపోయాడు. రాశాను. మీరు చదువుతున్నది అదే.

నిన్న గ్రూపులో ఇంకో ఇంటి పేరు వచ్చింది. మగ్గం మీద పనిచేసే అన్న, ఆయన భార్య, ఇద్దరూ మంచాన పడ్డారు. మళ్లీ మూడు రోజుల ఉపవాసం. నా పేరు నాన్నే ఇచ్చేశాడు.

నేను ఉపవాసం ఉండను. వాళ్లిద్దరికి తీసుకెళ్దామని బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. పస్తున్న ఇంట్లో అన్నం ఉడికే వాసన గదిగదికీ పట్టింది. పక్కింటివాళ్లూ మన సంఘమేనని, కిటికీ మూయమని అమ్మ అరుస్తోంది.

మూయను.